కాలేజీ ఎన్ని గంటలకు విడుస్తారండీ?

ప్రవేశాల రోజుల్లో ఆడపిల్లల కాలేజీకి వచ్చే తల్లిదండ్రులు మమ్మల్ని చాలా ప్రశ్నలు వేస్తారు. ఫీజు ఎంత, హాస్టలు ఉందా, ఏ గ్రూపు చదివితే ఉద్యోగం వస్తుంది - ఇవన్నీ అయ్యాక, లేచి వెళ్ళబోతూ, అసలు ప్రశ్న అడుగుతారు: "కాలేజీ ఎన్ని గంటలకు విడుస్తారండీ?"

గడియారం చూసి చెప్పినంత సులువుగా నేను చాలా ఏళ్ళు జవాబు చెప్పాను. ఇప్పుడు అంత సులువుగా చెప్పలేకపోతున్నాను.

నేను బి.ఏ. చదివింది హైదరాబాదులో, కోఠీ మహిళా కళాశాలలో. 1924లో పుట్టిన ఆ కళాశాల 1949లో పాత బ్రిటిషు రెసిడెన్సీ ఆవరణలోకి వచ్చింది. 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది. ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది. మీలో చాలామంది ఆ బస్‌స్టాపులో దిగే ఉంటారు. లోపలికి వెళ్ళి చూసినవారు తక్కువ.

ఆ భవనాన్ని కర్క్‌పాట్రిక్ అనే రెసిడెంటు 1803 ప్రాంతంలో కట్టించడం మొదలుపెట్టాడు. ఎత్తయిన స్తంభాలు, పెద్ద మెట్లు, మెట్లకు చెరో పక్కా ఒక సింహం. ఆయన హైదరాబాదు ప్రభువుల కుటుంబానికి చెందిన ఖైరున్నీసాను పెళ్ళాడాడు. ఆమె కాపురం వెనక ఉన్న రంగమహలులో. ఘోషా వల్ల భవనం ముందుభాగం ఆమె చూడడానికి వీలులేక, అచ్చంగా అటువంటి చిన్న నమూనా కట్టించి ఇచ్చాడని చెప్పుకుంటారు. రంగమహలు ఇప్పుడు లేదు. ఆ బొమ్మ ఇల్లు మాత్రం మిగిలింది.

ఇంటి ఇల్లాలే చూడలేదంటున్న ఆ మెట్లమీద మేము కాళ్ళు చాపుకొని కూర్చుని మరమరాలు తినేవాళ్ళం! కోఠీ ఫుట్‌పాత్‌మీద బేరమాడి కొన్న పాత నవలలు చేతులు మారేవి. ఒకతె పాడేది, ఒకతె పెళ్ళిచూపుల్లో తనను ఏమేమి అడిగారో నటించి చూపేది. మలక్‌పేటలో మా పిన్ని వేడినీళ్ళు పెట్టి ఎదురుచూస్తూండేది. "బస్సు దొరకలేదు పిన్నీ" అనేదాన్ని. బస్సులు వరసగా వెళ్ళిపోతూనే ఉండేవి!

ఇవన్నీ నేనెంత చక్కగా మరిచిపోయానో ఈ మధ్య తెలిసింది.

ఇప్పుడు నేను ఇదే నగరంలో మరో మహిళా కళాశాలలో తెలుగు చెబుతున్నాను. క్లాసులు మూడున్నరకు అయిపోతాయి. ఒక అమ్మాయి రోజూ అయిదింటిదాకా వేపచెట్టు కింద కూర్చోవడం చూశాను. ఒకనాడు, "ఇంటికి వెళ్ళక ఇక్కడేం పని? మీ నాన్నకు ఫోన్ చేయనా?" అని గద్దించాను.

పిల్ల లేచి నిలబడింది. చేతిలో లైబ్రరీ పుస్తకం, సిలబస్‌లో లేని నవల.

"చెయ్యకుండ్రి మేడం. ఇంటికి పోతే నీళ్ళు పట్టాలె, వంట చెయ్యాలె, తమ్మునికి లెక్కలు చెప్పాలె. రాత్రి పుస్తకం పడితే నిద్రొస్తది. ఈ గంటన్నరే నాది. అయిదింటిదాకా క్లాసులున్నయని ఇంట్ల చెప్పిన."

నేనేమీ అనలేకపోయాను.

నెల తిరగకుండా స్కాలర్‌షిప్ కాగితం మీద సంతకంకోసం ఆమె తండ్రి వచ్చాడు. పని అయ్యాక గుమ్మందగ్గర ఆగి అడిగాడు: "మేడం, కాలేజి ఎన్నిగంటలకు ఇడుస్తరు?"

తండ్రికి అబద్ధం చెప్పలేను. నిజం చెబితే ఆ పిల్లకు రేపటినుంచి వేపచెట్టు లేదు. కాలేజీయే లేకుండా పోయినా పోవచ్చు.

"క్లాసులు మూడున్నరకు అయిపోతాయండీ. లైబ్రరీ అయిదింటిదాకా ఉంటుంది. మీ అమ్మాయి అక్కడి పుస్తకాలు తీసుకుని చదువుకుంటోంది. రోజూ చూస్తున్నాను."

"ఇంట్ల చదువుకోరాదా?"

"ఇంట్లో చదువుకోనిస్తున్నారా?"

ఆయన కాసేపు నేలవైపు చూశాడు. "అయిదున్నర బస్సుకైతే రావాలె" అని వెళ్ళిపోయాడు.

అందుకే ఈ ఏడు ప్రవేశాలప్పుడు నేను అందరికీ ఒకటే చెప్పాను: క్లాసులు మూడున్నరదాకా, మీ అమ్మాయి మాత్రం అయిదున్నరకు ఇల్లు చేరుతుంది అని. తండ్రులు చేతి గడియారం చూసుకున్నారు. తల్లులు తలూపారు. వాళ్ళలో ఒకావిడ మాత్రం భర్త ముందుకు నడిచేదాకా ఆగి, మెల్లిగా అడిగింది:

"అప్పుడప్పుడూ నేనూ వచ్చి కూర్చోవచ్చా అండీ?"