క్రౌన్ పినియన్ మారిస్తే డీజిల్ మిగులుతుందా?

మా శివకాశిలో లోడెత్తే లారీలు రెండు రకాలు. అగ్గిపెట్టెల బండికి బాడీ నిండుతుంది గాని బరువు నిండదు. క్యాలెండర్లు, నోటుపుస్తకాలు ఎక్కించిన బండికి బాడీలో ఇంకా చోటుండగానే బరువు నిండిపోతుంది. "అన్నా, వెనక హౌసింగ్‌లో క్రౌన్ పినియన్ మారిస్తే మైలేజీ పెరుగుతుందంటున్నారు, నిజమేనా?" అని ఏ లారీ ఓనరైనా వస్తే, నేను ముందు అడిగేది ఒకటే: నీ బండిలో లోడేమిటి, నువ్వు వెళ్లే దారేమిటి?

లెక్క చూద్దాం. వెనక యాక్సిల్‌లోని పెద్ద పళ్లచక్రమైన క్రౌన్‌కు 41 పళ్లు, దాన్ని తిప్పే, షాఫ్ట్ చివరి పినియన్‌కు 6 పళ్లు ఉంటే, చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్ట్ 6.83 చుట్లు తిరగాలి. పినియన్‌కు 7 పళ్లుంటే 5.86 చుట్లు చాలు. పెద్ద లారీ టైరు ఒక చుట్టుకు సుమారు 3.2 మీటర్లు పోతుంది. టాప్ గేర్లో ఇంజనూ షాఫ్టూ సమానంగా తిరిగే బండి 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, మొదటి జతతో ఇంజన్ నిమిషానికి 2,130 చుట్లు, రెండో జతతో 1,830 చుట్లు తిరుగుతుంది.

చుట్లు 14 శాతం తగ్గాయి కదా అని డీజిలూ అంతే తగ్గుతుందనుకోకండి. గాలిని చీల్చడానికీ, టైర్లు దొర్లడానికీ పట్టే శక్తి అంతే ఉంటుంది. మిగిలేది ఇంజన్ తన లోపలి రాపిడికి తినే భాగంలో కొంత. వంద లీటర్లకు మూడు లీటర్లు మిగిలాయనుకుందాం. నెలకు 8,000 కిలోమీటర్లు, లీటరుకు 5 చొప్పున నడిచే లారీకి 48 లీటర్లు ఆదా. లీటరు 90 రూపాయలైతే 4,320 రూపాయలు. విరుదునగర్ మీదుగా 44వ నంబరు హైవేలో అగ్గిపెట్టెలు తోలే బండికి ఇది ఆలోచించదగ్గ మాటే.

కాగితం లోడుతో సేలం దాటి తొప్పూరు ఘాట్ ఎక్కే బండికి మాత్రం వద్దంటాను. లాగుడు తగ్గుతుంది, కింది గేర్లలోనే ఎక్కాలి, క్లచ్ ప్లేట్ అరుగుతుంది. అంతకన్నా నాకు భయం దిగుడు గురించి. అదే గేర్లో ఇంజన్ పట్టు తగ్గి, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. టపాసుల లోడుతో సెంగోట్టై దాటి ఆరియంకావు కనుమ దిగే డ్రైవర్ ప్రాణం ఏ డీజిల్ ఆదాకన్నా విలువైనది.

మార్చాక మీటరునూ సరిచేయించాలి. షాఫ్ట్ చుట్లను బట్టి లెక్కగట్టే మీటరు అసలు వేగం కన్నా, అసలు దూరం కన్నా తక్కువ చూపిస్తుంది. మైలేజీ పెరిగినా పడిపోయినట్టే కనిపిస్తుంది.

కారు ఓనర్లకు నా సలహా: ఆ ఆలోచనే మానుకోండి. ముందు చక్రాలతో నడిచే కారులో ఆ పళ్లు గేర్‌బాక్స్ లోపలే ఉంటాయి. నెలకు 1,000 కిలోమీటర్లు, లీటరుకు 20 ఇచ్చే కారుకు మిగిలేది లీటరున్నర. గేర్‌బాక్స్ విప్పిన కూలి దాంతో ఎన్నేళ్లకు తీరుతుంది?

లారీకి ఈ పళ్ల లెక్క, అంటే యాక్సిల్ నిష్పత్తి, ఎంచుకోవలసిన సమయం కొనే రోజు. మీ లోడు, మీ దారి చెప్పి షోరూములో అడగండి. ఉన్న బండికైతే టైర్లలో గాలి సరిగా ఉంచండి, తార్పాలిన్ బిగించి కట్టండి, వేగం తగ్గించండి. 70లో పోయే బండికి 60 కన్నా గాలి అడ్డు 36 శాతం ఎక్కువ. క్రౌన్ మార్చి డ్రైవర్‌ను తొందరపెట్టే ఓనర్, మిగిలిన డీజిల్‌ను ఆ గాలికే పోస్తాడు.