అరటి నాటే ముందు నీటి లెక్క



ఈ పూట బాటసింగారం చుట్టుపట్ల అరటితోట పెట్టదలచిన వారితో నాలుగు మాటలు ముచ్చటించుకుందాం. గడ్డిఅన్నారంలో ఉండిన పండ్ల మార్కెట్టు 2021లో బాటసింగారానికి తరలివచ్చింది. విజయవాడ రోడ్డు మీద పండ్ల లారీలు చూసినప్పుడు, "అంగడి మన గడపలోనే ఉన్నది గదా, అరటి ఎందుకు వేయరాదు?" అనిపించడం సహజమే. వేయవచ్చును. కాని అంగడి దగ్గరైనంత మాత్రాన తోట పండదు. అరటికి ముందు కావలసింది నీరు.

కొవ్వూరు, రావులపాలెం ప్రాంతాల తోటలకు గోదావరి కాలువలు అండగా ఉన్నవి. మనకు బోరే దిక్కు. పంటకాలం మొత్తంలో అరటి కోరే నీరు సుమారు 1,800 మిల్లీమీటర్ల వానకు సమానం. హైదరాబాదు ప్రాంతంలో ఏడాదికి పడే వాన 800 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అందులో చాలా భాగం నాలుగు నెలల్లోనే పడిపోతుంది. తక్కినది భూమిలోనుంచి తోడవలసిందే.

లెక్క వేసి చూడండి. ఆరడుగుల ఎడంతో నాటితే ఎకరానికి సుమారు 1,200 మొక్కలు పడతవి. డ్రిప్పు పెట్టినా, వేసవిలో ఎదిగిన చెట్టుకు రోజుకు 20 లీటర్లు కావాలి. అంటే ఎకరానికి రోజుకు 24,000 లీటర్లు.

మరి మన బోరు అంత ఇస్తుందా? తెలుసుకోవడం కష్టమేమీ కాదు. మే నెలలో మోటారు వేసి, రెండు మూడు గంటలు నడిచిన తరువాత 200 లీటర్ల డ్రమ్మును పైపు కింద పెట్టండి. మొదటి గంట ధారను నమ్మకండి. నాలుగు నిమిషాల్లో డ్రమ్ము నిండితే గంటకు 3,000 లీటర్లు; ఎనిమిది గంటలకు 24,000. ఆ నీరు ఒక్క ఎకరానికి సరిగ్గా సరిపోతుంది. ఎనిమిది నిమిషాలు పడితే 20 గుంటలకు మించి నాటరాదు. పశువులకూ, కూరగాయలకూ ఆ బోరే ఆధారమైతే ఇంకా తగ్గించుకోవలెను.

"జూన్‌లో నాటుతాం, వానలు వస్తవి గదా" అంటారేమో. జూన్‌లో నాటిన గ్రాండ్ నైన్ టిష్యూకల్చర్ మొక్క ఏడెనిమిది నెలలకు గెల వేస్తుంది. ఆపైన మూడు నాలుగు నెలలకు కోత. కాబట్టి కాయ ఊరేది మార్చి, ఏప్రిల్, మే నెలల్లో. మన బోర్లు తగ్గిపోయేదీ అప్పుడే! నాటే నెల మార్చినా ఒక వేసవి దాటక తప్పదు. గెల వేసే వేళ నీరు అందకపోతే గెల మొవ్వులో ఇరుక్కుంటుంది, కాయ సన్నబడుతుంది. అప్పటికి మొక్కల ఖరీదు, ఎరువు, కూలి అన్నీ పెట్టేసి ఉంటాం.

నీటి పరిమాణంతోపాటు దాని గుణమూ చూడాలి. ఉప్పు నీటికి అరటి ఆకుల అంచులు మాడిపోతవి. మట్టినీ, నీటినీ పరీక్ష చేయించండి. చౌడు నేల పనికిరాదు. చెల్క నేలకు పశువుల ఎరువు దండిగా వేయాలి. అది తేమను పట్టి ఉంచుతుంది. మొక్కల మొదట్లో ఎండుటాకులు పరచండి. పడమటి గాలి ఆకులను చీల్చకుండా గట్ల వెంట అవిసె వేయండి. పిలకలను ఎప్పటికప్పుడు కోసివేయండి. అవీ నీరు తాగేవే. మరుపంటకు ఒక్క పిలకను వదలడం కూడా, రెండో వేసవికి నీరు మిగులుతుందనుకుంటేనే. గెల బరువుకు చెట్టు ఒరగకుండా వెదురు పోట్లు పెట్టడం మరవవద్దు.

కాయ అంచులు గుండ్రబడగానే పచ్చిగా కోయాలి. గెలలను నేల మీద ఎత్తివేస్తే ఆ దెబ్బలు మాగిన తరువాత నల్లగా బయటపడి ధర తెగ్గోస్తవి. కార్బైడుతో మాగబెట్టడాన్ని చట్టం నిషేధించింది. ఇథిలీను వాయువుతో, చల్లని గదులలో మాగబెట్టే వర్తకునికే సరుకు ఇవ్వండి. అటువంటి వర్తకుడెవరో, ఏ రకం కొంటాడో నాటక ముందే విచారించుకోండి.

మార్కెట్టు ఒకసారి గడ్డిఅన్నారంనుంచి కదిలింది. మళ్ళీ కదిలినా కదలవచ్చు. మీ బోరు మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. అందుచేత మొక్కలకు బయానా ఇచ్చే ముందు డ్రమ్ము పెట్టి నీరు కొలవండి. ఎకరం ఎండబెట్టుకొనేకంటే 20 గుంటలు పండించుకోవడం మేలు.

సెలవు.