పేరు ఏ మస్టర్‌లో ఉంది?

2023 డిసెంబరు 27న సింగరేణి బొగ్గు గనుల్లో కార్మిక సంఘం గుర్తింపు కోసం ఓట్లు పడ్డాయి. 11 ఏరియాలు, బరిలో 13 సంఘాలు, 40 వేలకు కాస్త తక్కువగా ఓటర్లు. నూటికి 94 మంది దాకా వచ్చి ఓటేశారు. అసెంబ్లీ ఎన్నికల్లో హైదరాబాద్ నగరం కలలో కూడా చూడని పోలింగ్ అది. ఫలితం ఇంకా చిత్రం. ఆరు ఏరియాల్లో ఐఎన్‌టీయూసీ గెలిచింది, ఏఐటీయూసీకి దక్కినవి ఐదే. కానీ కంపెనీ మొత్తం మీద లెక్క చూస్తే సుమారు రెండు వేల ఓట్ల ఆధిక్యంతో, యాజమాన్యంతో మాట్లాడే గుర్తింపు సంఘం హోదా ఏఐటీయూసీకి పోయింది. రాష్ట్రంలో కాంగ్రెస్ గద్దెనెక్కి అప్పటికి మూడు వారాలే. ఊరంతా అధికార పార్టీ గాలి వీస్తున్నా, దాని అనుబంధ సంఘానికి కార్మికుడు ఏరియాలు ఇచ్చి, తాళంచెవి మాత్రం మరొకరి చేతిలో పెట్టాడు.

ఆ ధైర్యం ఓటు రహస్యం కావడం వల్ల వచ్చింది. గని మీద సంఘం పిట్ సెక్రటరీతో రోజూ పని పడుతుంది. డ్యూటీ మార్పు, క్వార్టరు, మెడికల్ బోర్డు, దేనికైనా ఆయన మాట సాయం కావాలి. కాబట్టి చందా అడిగితే కాదనడం కష్టం. బ్యాలెట్ దగ్గర మాత్రం ఆ మొహమాటం లేదు. ఒక సంఘానికి చందా కట్టి ఇంకొకరికి ఓటేయొచ్చు. ఏ సంఘంలోనూ లేనివాడికీ ఓటుంది. సభ్యత్వం వేరు, ఎవరు మాట్లాడాలో తేల్చే హక్కు వేరు అని మన దేశంలో ఇంత స్పష్టంగా విడగొట్టిన చోట్లు తక్కువ.

ఇది ఎవరి ఉదారతా కాదు. 1990ల తొలి ఏళ్లలో సింగరేణిలో ఏడాదికి వందల సమ్మెలు జరిగేవి. ఒక గనిలో ఒక షిఫ్టు ఆగిపోతే కారణం పక్క గనికి తెలిసేది కాదు. ఎవరితో ఒప్పందం చేసుకున్నా దాన్ని కాదనే సంఘం ఇంకొకటి ఉండేది. కంపెనీ ఖాయిలా పరిశ్రమల బోర్డు గడప తొక్కింది. ఆ చిక్కులోంచి పుట్టినవే 1998 నాటి తొలి గుర్తింపు ఎన్నికలు. అప్పుడూ 2001లోనూ ఏఐటీయూసీ గెలిచింది. 2003లో ఐఎన్‌టీయూసీ, 2007లో మళ్లీ ఏఐటీయూసీ. తెలంగాణ ఉద్యమం రగులుతున్న 2012లోనూ, రాష్ట్రం వచ్చాక 2017లోనూ తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘం (టీబీజీకేఎస్). ఆరేళ్లు తిరిగేసరికి అదే టీబీజీకేఎస్ పోటీలో నామమాత్రమైంది. బొగ్గుబాయి కార్మికుడు ఎవరికీ శాశ్వతంగా రాసివ్వలేదు.

అయితే స్వచ్ఛంద సభ్యత్వం అన్నచోట పాత పేచీ ఒకటి ఉంది. జీతం పెంపు కోసం కొట్లాడేది సంఘం, పెంపు అందేది అందరికీ. చందా కట్టనివాడు ఊరికే లాభపడుతున్నాడన్నది కట్టేవాడి ఉక్రోషం. బొంబాయిలోని బామర్ లారీ కంపెనీలో గుర్తింపు సంఘం కుదిర్చిన ఒప్పందంలో ఓ షరతు పెట్టారు. బకాయిల కింద చేతికొచ్చే సొమ్ములో 15 శాతం సంఘం నిధికి జమ కావాలి, సభ్యులు కానివారి దగ్గర నుంచి కూడా. సుప్రీంకోర్టు 1984లో దాన్ని తప్పుపట్టలేదు. అమెరికా సుప్రీంకోర్టు 2018లో జానస్ కేసులో సరిగ్గా ఎదురుదారి పట్టింది. ప్రభుత్వోద్యోగి ఒప్పుకోకుండా సంఘం కోసం అతని జీతంలోంచి ఒక్క డాలరూ తీయరాదంది. రెండిటిలో నా మొగ్గు రెండోదాని వైపే, ఆ తీర్పు వెనక సంఘాలంటే గిట్టనివాళ్ల డబ్బూ పట్టుదలా ఉన్నాయని తెలిసినా సరే. నెలనెలా అడిగి తీసుకోవాల్సిన చందా నాయకుణ్ని గేటు దగ్గరికి రప్పిస్తుంది. అడగకుండా వచ్చిపడే చందా ఆఫీసులో కూర్చోబెడుతుంది.

తెలుగు సినిమా పరిశ్రమలో కథ తిరగబడి ఉంటుంది. అక్కడ సంఘం కార్డే కూడు. 2025 ఆగస్టులో 30 శాతం వేతనాల పెంపు అడుగుతూ ఫిల్మ్ ఎంప్లాయీస్ ఫెడరేషన్ సమ్మెకు దిగి, రెండు వారాలకు పైగా షూటింగులు నిలిపేసింది. చివరికి మూడేళ్లలో విడతలుగా ఇచ్చే పెంపు దగ్గర రాజీ కుదిరింది. పేపర్లు శాతాల గురించే రాశాయి గానీ, అసలు పట్టు ఇంకోచోట ఉంది. సభ్యులు కానివాళ్లను కూడా పనిలోకి తీసుకునే స్వేచ్ఛ తమకుండాలన్నారు నిర్మాతలు. సభ్యత్వ రుసుము మోయలేనంత ఉందనీ, కొత్త కుర్రాడికి తలుపులు మూసేశారనీ వచ్చే ఫిర్యాదు పాతదే, అందులో నిజమూ ఉంది. అయినా లైట్‌మన్ వైపు నుంచి చూడాలి. అతనికి స్థిరమైన యజమాని లేడు. ఈ వారం ఒక కంపెనీ, వచ్చే వారం ఇంకొకటి. బేటా ఎగ్గొట్టినా, కాల్షీటు అర్ధరాత్రి దాటినా అతని తరఫున ఫోన్ చేసేది సంఘమొక్కటే. కార్డు లేనివాణ్ని తక్కువ కూలికి తెచ్చుకుంటే ఆ ఫోన్‌కు విలువుండదు. తలుపు తీసే ఉంచాలి, రేటు మాత్రం కార్డున్నవాడికీ లేనివాడికీ ఒక్కటే కావాలి. ఈ రెండో మాట నిర్మాతల నోట అంత గట్టిగా వినబడలేదు.

ఇంతదాకా మాట్లాడింది చేరనా వద్దా అని ఆలోచించుకోగలిగినవాళ్ల గురించి. చేరితే పని పోయేవాళ్ల సంగతి వేరు. ఫుడ్ డెలివరీ కుర్రాడిని కంపెనీ కార్మికుడనే అనదు, భాగస్వామి అంటుంది. ఐడీ ఆగిపోతే అడగడానికి ఎదుట మనిషే ఉండడు. సింగరేణిలోనే కాంట్రాక్టు కార్మికులు పాతిక వేలకు పైమాటే. అదే గని, అదే దుమ్ము. టెండరు ముగిసి కొత్త కాంట్రాక్టరు వచ్చినప్పుడల్లా తన పేరు జాబితాలో ఉంటుందో లేదోనన్న బెంగ. ఆ బెంగ ఉన్నవాడికి చట్టం ఇచ్చిన చేరే హక్కు కాగితం మీదే ఉంటుంది.

ఆ చట్టం పుట్టుక తెలుగువాళ్లకు దూరపు సంగతేం కాదు. 1918లో మద్రాసు బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల కార్మికులు బి.పి. వాడియా అధ్యక్షతన మద్రాస్ లేబర్ యూనియన్ పెట్టుకున్నారు. యాజమాన్యమైన బిన్నీ కంపెనీ నాయకుల మీద హైకోర్టుకెక్కి ఇంజంక్షన్ తెచ్చింది. కార్మికుల్ని కూడగట్టడమే నేరమైతే ఎలా అన్న గొడవలోంచి 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. దానికి నూరేళ్లు నిండటానికి నాలుగు నెలల ముందు, 2025 నవంబరు 21న, పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకొచ్చి దాని స్థానం తీసుకుంది. మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, ఉన్న కార్మికుల్లో 51 శాతం మద్దతున్న సంఘానికే ఇక సంప్రదింపుల హక్కు. అంత బలం ఎవరికీ లేకపోతే, 20 శాతానికి తగ్గని సంఘాలన్నీ కలిసి ఒక మండలి. సమ్మెకు ముందస్తు నోటీసు అన్ని పరిశ్రమల్లోనూ తప్పనిసరి. 51 శాతం మంచి కొలతే, అతుకుల బొంత సంఘాలకు అది చెక్ పెడుతుంది. కానీ కొలిచేది ఎవరి మస్టర్? కాంట్రాక్టు కార్మికుడి పేరు ఉండేది కాంట్రాక్టరు మస్టర్‌లో. గనిలో సగం పని అతను చేసినా ఆ గని లెక్కలో అతను లేడు.

సింగరేణి బ్యాలెట్లోనూ లేడు. 40 వేల మందిలో ఒక్కడూ కాంట్రాక్టు మనిషి కాడు. 2022 సెప్టెంబరులో వాళ్లు రెండు వారాలకు పైగా సమ్మె చేసినప్పుడు చేతిలో గుర్తింపూ లేదు, ఓటూ లేదు, వేర్వేరు సంఘాలు కలిసి కట్టిన జేఏసీ తప్ప. 2024లో సింగరేణి లాభాల్లోంచి 796 కోట్లు పర్మినెంట్ ఉద్యోగులకు పంచారు. తలకు సగటున లక్షా 90 వేలు. కాంట్రాక్టు కార్మికులకు కూడా కంపెనీ చరిత్రలో తొలిసారి వాటా ప్రకటించారు, తలకు 5,000. మరుసటి ఏడాది అది 5,500 అయింది.