తెల్లాపూరు శాసనము

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, పటాన్‌చెరు త్రోవలోని రామచంద్రపురమునకు చేరువగా, సంగారెడ్డి జిల్లాయందు తెల్లాపూరను ఊరు కలదు. అచ్చట బహమనీ సుల్తానగు ఫిరోజిషాహ కాలమునాటి తెలుగు శిలాశాసనమొకటి యున్నది. దిగుడుబావి నిర్మించిన ధర్మకార్యము నది తెలుపుచున్నది. అందు ‘తెలుంగాణపుర’మను పేరు కానవచ్చుటచేత దానికి విశేషఖ్యాతి కలిగెను. 2014 జూను 2వ తేదీన తెలంగాణరాష్ట్ర మేర్పడిన పిమ్మట ఈ పేరి ప్రాచీనతను స్మరించుకొనుటయం దాసక్తి హెచ్చినది. స్మరణము మంచిదే, కాని సరిగా నెఱిగి స్మరింపవలయును. ఈ శాసనమును విద్యార్థులకు బోధించువారు మూడు విషయములను గమనించుట యావశ్యకము.

మొదటిది రాజనిర్ణయము. ఫిరోజిషాహ యను పేరుగలవా రిరువురు కలరు. ఒకడు 1351 మొదలు 1388 వఱకు ఢిల్లీ నేలిన తుగ్లకు వంశీయుడు. కాకతీయరాజ్యమునుండి పోయి, ఆతనికి ప్రధానమంత్రియైన మాలిక్ మక్బూలునకు ‘తిలంగానీ’ యను వ్యవహారనామ ముండెను. రెండవవాడు 1397 మొదలు 1422 వఱకు కలుబరిగె రాజధానిగా పాలించిన బహమనీ సుల్తాను. మన శాసనము రెండవవానికాలపుది. ఈ పదచరిత్రలో రెండు సంగతులును వచ్చుచుండుటచే పొరపాటు సులభము.

రెండవది కాలనిర్ణయము. ఈ శాసనము 1417 నాటిదని కొందఱును, 1418 నాటిదని కొందఱును వ్రాయుచున్నారు. శాలివాహనశకవర్షము చైత్రశుద్ధ పాడ్యమితో మొదలగును. గతశకసంఖ్యకు డిసెంబరు తుదివఱకు 78, జనవరి మొదలు ఫాల్గునాంతమువఱకు 79 కలుపవలయును. శకవర్షము 1339, అనగా హేవిళంబి, 1417 వసంతమున మొదలై 1418లో ముగిసినది. కావున సంవత్సరమును మాత్రము చూచి లెక్కించినవారికి ఒకయేటి భేదము వచ్చుటలో వింత లేదు. శతాబ్ద్యుత్సవములు జరుపువారు సంవత్సరనామమును, మాసమును, తిథిని చూచి పిదపనే దినమును నిశ్చయింపవలయును.

మూడవది అర్థనిర్ణయము. కాళేశ్వరము, శ్రీశైలము, దాక్షారామము అను మూడు లింగక్షేత్రముల నడిమి దేశము త్రిలింగమనియు, దానినుండి తెలుగుపదము పుట్టినదనియు నొక వాదము. తెలుంగు, ఆణెము అను పదముల కలయికవలన తెలుంగాణెమైనదని మఱియొక వాదము. ఒక యూరిపేరుచేత ఈ వాదము తీరదు. అప్పటికే ఈ పదము జనుల వాడుకలో నుండి యొక యూరి కెక్కినదని మాత్రము చెప్పవచ్చును. నేటి రాష్ట్రపు టెల్లలను అందు వెదకుట యుచితము కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత ఈ దేశము పలువురి పాలైనది. శాసనకాలమున పడమట బహమనీలును, రాచకొండ, దేవరకొండలయందు రేచర్ల పద్మనాయకులును ఏలుచుండిరి. పేరొకటి, ఏలికలు వేఱు.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి యున్నది. ఈ పేరిని మనకు నిలిపిన కార్యము యుద్ధవిజయము కాదు, పట్టాభిషేకము కాదు. విశ్వకర్మకులజులగు పనివారు జనుల దప్పిక తీర్చుటకై చేసిన ధర్మము. వారు తమ పుణ్యమును తెలుపుటకు ఱాతిపై వ్రాయించిరి. దానితో దేశచరిత్రకు సాక్ష్యము దొరకినది.

సాక్ష్యముల విలువ మన పూర్వులకు తెలియును. తెలంగాణమునందు కవులు లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డిగారు కోపముతో గాక, 1934లో గోలకొండ కవుల సంచికయందు 354 మంది కవులను చూపి ప్రత్యుత్తర మిచ్చిరి. మఱుసటి యేడు లక్ష్మణరాయ పరిశోధకమండలివారు తెలంగాణా శాసనములు ప్రకటించిరి. చరిత్రస్మరణమునకు వారు చూపిన మార్గమదియే.

నేడు తెల్లాపూరుచుట్టును నగరము పెరిగి, పొలములున్నచోట మేడలు లేచినవి. ఇట్టిచోట ఱాయి మఱుగుపడుటకు దుర్మార్గము పనిలేదు, అజాగ్రత్త చాలును. సమీప పాఠశాలల పండితులు తమ శిష్యులను కొనిపోయి, ఆ యక్షరములను చూపి, ఒక్కొక్క పంక్తిని చదివింతురేని, ఏటేట జరుగు సభలకంటె నది యుత్తమమైన ఉత్సవమగును.