తెరపై నేర్చిన సారథ్యము

ఈత నేర్వగోరువాడు నీటిలో దిగక తప్పదు. సైకిలు నేర్చువాడు రెండు మూడుసార్లు మోకాళ్లు చెక్కుకొనక తప్పదు. కాలుసేతులతో చేయవలసిన విద్యలు పుస్తకము చదివినంత మాత్రమున గాని, బొమ్మలు చూచినంత మాత్రమున గాని పట్టుబడవని అందరును ఎరిగినదే. అయినను 2011లో, అంతకుముందు కార్ల పందెములలో పాల్గొనని పందొమ్మిదేండ్ల యువకుడొకడు వీడియో ఆటలో చూపిన నేర్పు మూలమున పందెపు కారు చోదకుడుగా ఎంపిక అయ్యెను. రెండేండ్లకు, అనగా 2013 జూనులో, ఫ్రాన్సు దేశమందలి లమాన్ 24 గంటల పందెమున ఆయన జట్టునకు తమ విభాగమున మూడవ స్థానము లభించెను. తెరపై కదలు బొమ్మ ఇంతటి విద్యను ఎట్లు నేర్పగలిగినది? నేర్పలేక విడిచినది ఏమి?

ఆ యువకుని పేరు జాన్ మార్డెన్‌బరో. 1991లో ఇంగ్లండులోని డార్లింగ్టను పట్టణమున జన్మించి, వేల్సులోని కార్డిఫ్ నగరమున పెరిగెను. తండ్రి వృత్తి ఫుట్‌బాల్ ఆటగాడు. ఆయన ఆడిన ఆట 'గ్రాన్ టురిస్మో'. కజునోరి యమవుచి అను జపాను రూపకర్త ఆధ్వర్యమున తయారై, అది మొదట 1997 డిసెంబరులో వెలువడినది. 2008లో నిస్సాను కార్ల సంస్థయు, సోనీ సంస్థయు కలిసి ఒక పోటీ నెలకొల్పినవి. ఇంటిలో కూర్చుండి ఈ ఆటను అతివేగముగా ఆడినవారిని ఏరి, నిజమైన కార్లలో పరీక్షించి, నెగ్గినవారిని చోదకులుగా తీర్చుట దాని ఉద్దేశము. మొదటి ఏట నెగ్గినవాడు స్పెయిను దేశీయుడైన లూకస్ ఒర్దోనెజ్. 2011లో సుమారు 90,000 మంది పోటీపడిరి. వారిలో మిగిలిన కొద్దిమందిని ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్ పందెపు బాటకు రప్పించి పరీక్షించిరి. మార్డెన్‌బరో నెగ్గెను.

ఐరోపాలో చోదకులు కాగోరు పిల్లలు ఎనిమిది తొమ్మిదేండ్లకే చిన్న చిన్న కార్ట్‌బండ్లతో పందెములు మొదలిడుదురు. టైర్లు, ఇంజను మరమ్మతులు, ప్రయాణములు, అన్నిటికిని కన్నవారే వెచ్చించవలెను. పందెపు కార్లు పెట్రోలుతో గాక తల్లిదండ్రుల ధనముతో నడచుననిన పెద్ద తప్పు లేదు. అట్టి ధనము లేనివారికి ఈ ఆట ఒక తలుపు తెరచినది.

ఇక ఆట సంగతి. తెరపై కనబడు కారు సినిమా బొమ్మ వంటిది కాదు. అది ఒక లెక్క. ఈ క్షణమున కారు ఎచ్చట నున్నది, ఎంత వేగముతో ఏ దిక్కునకు పోవుచున్నది, ఆటగాడు స్టీరింగును ఎంత త్రిప్పెను, బ్రేకు ఎంత తొక్కెను అను విషయములను కంప్యూటరు తీసికొనును. వానినుండి ఒక్కొక్క టైరుపై పనిచేయు బలములను గణించును. న్యూటను రెండవ సూత్రము ననుసరించి త్వరణమును, దానివలన వేగములో వచ్చు మార్పును, పిదప స్థానములో వచ్చు మార్పును కట్టి, కొత్త బొమ్మను చూపును. ఇట్లు సెకనునకు 60 బొమ్మలు చూపినచో, గంటకు 216 కిలోమీటర్ల వేగముతో పోవు కారు ఒక బొమ్మకును మరియొక బొమ్మకును నడుమ సరిగా ఒక మీటరు జరుగును. విద్యార్థులు దీనిని స్వయముగా లెక్కించి చూడవచ్చును.

ఈ గణితమంతటికిని కీలకము టైరు. ఎంత పెద్ద కారైనను నేలను తాకునది టైర్ల అడుగుననున్న నాలుగు చిన్న తావులలోనే. ఒక్కొక్కటి మన అరచేతికంటె కొంచెము పెద్దది. కారు ముందుకు ఉరుకుట, ఆగుట, మలుపు తిరుగుట, అన్నియు ఈ నాలుగు తావుల ఘర్షణపై ఆధారపడినవే. ఆ ఘర్షణకు ఒక హద్దు కలదు: టైరుపై పడు బరువును ఘర్షణ గుణకముచే గుణించిన ఎంత వచ్చునో అంత. బ్రేకునకును మలుపునకును కావలసిన బలములు రెండును ఈ హద్దులోనే ఇమడవలెను. కాని ఇవి మామూలు కూడికవలె కలియవు. ఒకటి కారు పొడవునను, మరియొకటి దానికి అడ్డముగను పనిచేయును గనుక, లంబకోణ త్రిభుజపు రెండు భుజములవలె కలియును. కర్ణము హద్దును మీరరాదు. మొత్తము పట్టు 10 వంతులనుకొని అందులో 6 వంతులు బ్రేకునకు వాడినచో మలుపునకు మిగులునది 4 కాదు, 8! పైథాగొరస్ సూత్రము తెలిసిన బాలుడు ఈ మాటకు ఆశ్చర్యపడడు గాని, మలుపు మొదట బ్రేకును కొంచెము కొంచెముగా వదలుచు స్టీరింగు త్రిప్పు చోదకుని నేర్పంతయు ఇందులోనే ఉన్నది.

మలుపు లెక్క మరియొకటి. 100 మీటర్ల వ్యాసార్ధముగల వంపులో, ఘర్షణ గుణకము 1 అనుకొని, గురుత్వ త్వరణమును 10గా తీసికొన్నచో, వేగపు వర్గము 1000 దాటరాదు. అనగా సెకనునకు 31.6 మీటర్లు, గంటకు సుమారు 114 కిలోమీటర్లు. అదే మలుపును బాట వెలుపలి అంచునుండి మొదలిడి, లోపలి అంచును తాకి, మరల వెలుపలి అంచునకు చేరునట్లు నడపినచో కారు గీయు వంపు మరింత విశాలమగును. ఆ వ్యాసార్ధము 150 మీటర్లైనచో గంటకు 139 కిలోమీటర్లతో పోవచ్చును. పందెగాడు బాట నీ చివరినుండి ఆ చివరివరకు వాడుకొనుటకు కారణమిదే.

పై లెక్కలోని కారు గంటకు 216 కిలోమీటర్లతో వచ్చుచు 114కు తగ్గవలెననిన, అదే ఘర్షణతో, 130 మీటర్ల ముందే బ్రేకు తొక్కవలెను. సెకనులో పదవ వంతు ఆలస్యమైన 6 మీటర్లు చేజారును. కావున ఎచ్చట తొక్కవలెనో చోదకుడు కొండగుర్తులు పెట్టుకొనును: ఒక బోర్డు, రోడ్డుపై ఒక మరక, ఒక చెట్టు. ఆటగాడును ఇదే చేయును. 'గ్రాన్ టురిస్మో' నిర్మాతలు నిజమైన బాటలను వంపులతోను మిట్టలతోను తెరపై నిలిపిరి. ఒకే మలుపును వేలసార్లు తిరిగినవానికి కన్ను, చేయి, కాలు ఒక్క తాళమునకు నడచును. నిజపు బాటపై ఇన్నిసార్లు తిరుగుటకు ఎన్ని టైర్లు, ఎంత పెట్రోలు కావలెనో ఊహించుకొనవచ్చును. తెరపై ఖర్చు కరెంటు మాత్రమే.

ఈ ఊహ కొత్తది కాదు. 1929లోనే అమెరికాలో ఎడ్విన్ లింక్ అను ఆయన నేలమీదనే ఉండి ఊగుచు తిరుగు విమానపు గదిని నిర్మించెను. చాలకాలము దానిని సంతలలో వినోదవస్తువుగనే చూచిరి. 1934లో టపా మోయు సైనిక విమానములు చెడువాతావరణమున కూలి పలువురు చనిపోయిన పిదప, సైన్యము వానిని కొనెను. నాటి వినోదవస్తువు అట్లు పాఠశాల అయినది.

అయితే తెర ఎన్నటికిని చెప్పని సంగతులు కొన్ని గలవు. మన చెవి లోపల ద్రవముతో నిండిన మూడు అర్ధవర్తుల నాళములు తల తిరుగుటను కనిపెట్టును. వాని ప్రక్కనున్న సంచులలోని సున్నపు రేణువులు జడత్వముచే వెనుకబడి, వేగము పెరుగుటను తరుగుటను తెలుపును. కుర్చీలో కూర్చున్న ఆటగానికి కన్ను 'పోవుచున్నాము' అనును; చెవి 'కదలలేదు' అనును. కొందరికి ఆటలో వాంతి భావము కలుగుటకు ఈ పేచీయే కారణము. నిజపు కారులో వెనుక టైర్లు జారుట ఆరంభమగునపుడు చోదకునికి మొదట వార్త అందించునది చెవియు, నడుమును గాని కన్ను కాదు. కన్ను చూచునప్పటికే కొంత ఆలస్యమగును. తెర ముందు పెరిగినవాడు ఈ వార్త లేకుండగనే, కంటితోను, స్టీరింగు చక్రమున మోటారు కలిగించు వణకుతోను సరిపెట్టుకొనుట నేర్చినవాడు. నిజపు కారెక్కినప్పుడు ఆయనకు ఒక ఇంద్రియము అదనముగా లభించినదనవచ్చును.

లభించినవి అదియొక్కటియే కాదు. తలయు శిరస్త్రాణమును కలిసి ఆరున్నర కిలోగ్రాములనుకొన్నచో, గురుత్వమునకు రెండింతల త్వరణముగల మలుపులో అవి పదుమూడు కిలోగ్రాముల బరువై మెడను ప్రక్కకు లాగును. ఇది ఒక్కసారి కాదు, మలుపు మలుపునకును. మూసిన కారులో వేడిమి కొన్ని వేళల 50 డిగ్రీలకు చేరును. బ్రేకును కాలి బలమంతయు పెట్టి తొక్కవలెను. అందుచే ఎంపికైనవారిని నేరుగా పెద్ద పందెములకు పంపలేదు. వ్యాయామము చేయించి, చిన్న పందెములలో నడిపించి, అర్హతాపత్రము వచ్చిన పిమ్మటనే ముందుకు తెచ్చిరి. 2012 జనవరిలో దుబాయి 24 గంటల పందెమున మార్డెన్‌బరో, తనవలెనే ఆటనుండి వచ్చిన ఇతరులతో కూడి, తమ విభాగమున మూడవ స్థానము పొందెను.

అదే సంవత్సరమున బ్రిటిష్ జీటీ పందెములలో ఒక చిక్కు తలయెత్తెను. అందు ఒక వృత్తి చోదకుడును ఒక ఔత్సాహికుడును జంటగా నడపు విభాగము కలదు. కాగితముపై మార్డెన్‌బరో కొత్తవాడు, కావున ఔత్సాహికుడు. గడియారము మాత్రము వేరు మాట చెప్పెను. 2013లో నిర్వాహకులు ఆ వీడియో ఆటల పోటీనుండి వచ్చిన కొత్తవారిని జంట విభాగమున చేర్చుకొనుటకు నిరాకరించిరి. ఇంతకంటె గొప్ప యోగ్యతాపత్రము వేరొకటి ఉండదు.

ఇచ్చట ఉపాధ్యాయులు విద్యార్థులకు ఒక మాట చెప్పుట మంచిది. 90,000 మందిలో ఒకడు నెగ్గెనన్నచో ఆట ఆ ఒకనికి నేర్పినదని మాత్రమే చెప్పరాదు. ఆట జల్లెడవలె కూడ పనిచేసినది. త్వరగా స్పందించు చేతులు, గంటల తరబడి చెదరని దృష్టి, ఒకే తప్పును మరల చేయని జాగ్రత్త, ఇవి ముందే ఉన్నవానిని అది వెదకి పట్టెను. శిక్షణ వంతు ఎంత, ఎంపిక వంతు ఎంత అని విడదీయుట సులభము కాదు. మిగిలిన 89,999 మందియు గంటల తరబడి ఆడినవారే.

2013 లమాన్ పందెమున ఆయనతోపాటు కారు నడపినవారు జర్మనీకి చెందిన మైకేల్ క్రుమ్, ఆటనుండియే వచ్చిన ఒర్దోనెజ్. 2014లో జర్మనీలోని హాకెన్‌హైమ్ బాటపై, జీపీ3 అను ఒంటిసీటు కార్ల తరగతిలో ఆయన ఒక పందెము గెలిచెను. చిన్ననాటినుండి కార్ట్‌బండ్లలో పెరిగినవారు పోటీపడు తరగతి అది.

2015 మార్చి 28న జర్మనీలోని నుర్బుర్గ్‌రింగ్‌లో పందెము జరుగుచుండెను. అడవుల నడుమ దాదాపు 21 కిలోమీటర్ల పొడవున సాగు ఆ పాత బాటను మార్డెన్‌బరో వంటి ఆటగాండ్రు తెరపై ఎన్నో మార్లు చుట్టినవారే. 2004లో వెలువడిన నాలుగవ 'గ్రాన్ టురిస్మో' నుండియు అది ఆటలో కలదు. అందు 'ఫ్లుగ్‌ప్లాట్స్' అనుచోట రోడ్డు మిట్టయెక్కి దిగును. బస్సు కల్వర్టు గూనుపై వేగముగా పోవునపుడు వెనుక సీటులోనివారికి కడుపులో తేలికయైనట్లు తోచును గదా. మిట్టపై కారునకును అదే జరుగును. వేగవర్గమును మిట్ట వ్యాసార్ధముచే భాగించిన వచ్చునది గురుత్వ త్వరణములో ఎన్నవ వంతో, టైర్లపై బరువు అన్నవ వంతు తగ్గును. ఉదాహరణకు 400 మీటర్ల వ్యాసార్ధముగల మిట్టపై గంటకు సుమారు 227 కిలోమీటర్లతో పోయిన బరువు సున్న అగును. బరువు లేనిచో ఘర్షణ లేదు. స్టీరింగునకు గాని బ్రేకునకు గాని పనిలేదు. ఆ క్షణమున ముందుభాగము కొంచెము లేచినను గాలి క్రిందికి దూరి దానిని ఇంకను లేపును.

ఆనాడు మార్డెన్‌బరో నడపుచున్న కారు ఆ చోట ముందుభాగము పైకెత్తి గాలిలో లేచి, కంచె దాటి ప్రేక్షకులున్న తావున పడెను. ఒక ప్రేక్షకుడు మరణించెను, మరికొందరు గాయపడిరి. చోదకునికి ప్రాణాపాయము తప్పెను. ఆటలో కంచె ఆవలి జనము రంగుబొమ్మలు. కారు అదుపుతప్పినచో మీట నొక్కిన మరల బయలుదేరును. మిట్టపై బరువు తగ్గుటను ఆట లెక్కలోనికి తీసికొనగలదు. ఆ కంచె వెనుక నిలుచున్న మనిషిని తీసికొనలేదు.

ఆ సంవత్సరమే నుర్బుర్గ్‌రింగ్‌లో కొన్ని చోట్ల వేగమునకు పరిమితి విధించిరి. రోడ్డును చదునుచేసి, కంచెలను పెంచిన పిదప 2016లో ఆ పరిమితులను తొలగించిరి. మార్డెన్‌బరో 2015 జూనులో మరల లమాన్ పందెమున నడపెను; 2016 మొదలు కొన్ని సంవత్సరములు జపాను దేశపు పందెములలో పాల్గొనెను. నిస్సాను, సోనీ సంస్థల పోటీ 2016తో ముగిసెను. 2023లో ఆయన కథ 'గ్రాన్ టురిస్మో' పేరుతోనే చలనచిత్రముగా వచ్చినది. అందు మార్డెన్‌బరో పాత్రధారికి బదులుగా కారు నడపినవాడు మార్డెన్‌బరోయే. ఆ చిత్రమున నుర్బుర్గ్‌రింగ్ ప్రమాదమును లమాన్ విజయమునకు ముందు జరిగినట్లు చూపిరి. నిజమునకు లమాన్ 2013లోను, ప్రమాదము 2015లోను జరిగినవి.