గల్ఫ్ నుండి వచ్చిన సీసా

గల్ఫ్ నుండి సెలవుపై వచ్చే బిడ్డలు కొడిమ్యాలలోని తల్లిదండ్రులకు తెచ్చే సీసాలలో కోఎంజైమ్ క్యూ10 ఒకటి. "ఇది హలాలేనా?" అని మమ్మల్ని అడుగుతుంటారు. అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది.

ఈ పదార్థాన్ని మన దేహమే తయారు చేసుకుంటుంది. 1957లో ఫ్రెడరిక్ క్రేన్ అమెరికాలో దీనిని ఎద్దు గుండె నుండి వేరుచేశారు. కణాలకు శక్తినిచ్చే ఏటీపీ ఉనికిని 1929లో ఫిస్కేతో కలిసి వెల్లడించినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ ఏటీపీ తయారీకి క్యూ10 అవసరం.

వయసుతో ఇది తగ్గుతుంది. కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్ మాత్రలు కూడా దీనిని తగ్గిస్తాయి. అంతమాత్రాన స్టాటిన్ మాని ఈ సీసా పట్టుకోవడం ప్రాణాపాయం. ఇది దానికి ప్రత్యామ్నాయం కాదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారిలో ఆ మందు పనితనాన్ని ఇది తగ్గించవచ్చు. వైద్యుణ్ణి అడగకుండా ఇవ్వరాదు. మందు వాడటం తవక్కుల్‌కు విరుద్ధమని భావించేవారు కొందరున్నారు. అది ధర్మం నేర్పిన మాట కాదు.

ఇక హలాల్ సంగతి. క్యూ10ను ఎక్కువగా ఈస్ట్ వంటి సూక్ష్మజీవులతో పులియబెట్టి తీస్తారు. సందేహమంతా పైతొడుగుదే. జిలాటిన్ ఏ జంతువుదో రాసి లేకపోతే, మొక్కల నుండి చేసిన తొడుగున్నది తీసుకోవాలి.

చేపలు, పల్లీలు, నువ్వులలో ఇది కొద్దిగా ఉంటుంది. ఖుర్బానీ నాడు ముందుగా వండుకునే కలేజీలోనూ, గుండె మాంసంలోనూ ఉన్నది ఇదే.