నలభై వాట్ల మద్రాసు

బుచ్చిరెడ్డిపాలెంలో మా తాత రేడియోని అరుగుమీద తూర్పు పడమరలుగానే పెట్టేవాడు. ఎవరైనా కాస్త తిప్పారా, మద్రాసు గొంతు గొణుగుడులోకి దిగేది, తాత గొంతు లేచేది. చాదస్తం అనుకునేవాళ్లం. ట్రాన్సిస్టర్ విప్పి చూస్తే లోపల వేలెడు పొడుగున నల్లటి ఫెర్రైట్ కడ్డీ, దానిమీద రాగితీగ చుట్లు కనిపిస్తాయి. తరంగం ఆ కడ్డీకి అడ్డంగా వస్తే తీగలో విద్యుత్తు బాగా పుడుతుంది, కొసవైపు నుంచి వస్తే దాదాపు పుట్టదు. మద్రాసు మాకు దక్షిణాన ఉంది మరి!

ఆ మద్రాసు గొంతు విప్పింది 40 వాట్లతో. పాతకాలం ఇంటి బల్బులు చాలావరకు అంతకన్నా ఎక్కువే తాగేవి. సి.వి. కృష్ణస్వామి చెట్టి చొరవతో 1924 మే 16న మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ పుట్టింది. జులై 31న ప్రసారాలు మొదలయ్యాయి. తర్వాత 200 వాట్లకు పెంచారు.

ఆ రోజుల్లో వినడమే ఒక ప్రయోగం. క్రిస్టల్ సెట్టులో గెలీనా అనే సీసపు ఖనిజం ముక్క ఉండేది. దానిమీద సన్నని తీగ కొసని ఆనించి, మాట పలికే చోటు దొరికేదాకా పొడుస్తూ కూర్చోవాలి. ఆ చోట విద్యుత్తు ఒకవైపే పారుతుంది, దాంతో తరంగం మోసుకొచ్చిన మాట విడివడి ఇయర్‌ఫోన్‌లో పడుతుంది. బ్యాటరీ అక్కర్లేదు. చెవిలో వినబడేదంతా గాల్లోంచి వచ్చిన శక్తే.

తాత రేడియో పట్టిన మీడియం వేవ్ పగలు నేలను అంటుకుని పోతుంది. పైకెళ్లిన భాగాన్ని ఆకాశంలోని ఒక పొర మింగేస్తుంది. పొద్దుగూకితే ఆ పొర చెదిరిపోతుంది, ఇంకా పైనున్న పొర తరంగాన్ని కిందికి మళ్లిస్తుంది. అందుకే రాత్రిళ్లు దూరపు స్టేషన్లు పలుకుతాయి. ఆ పైపొర ఉందని ఇంగ్లండులో ఆపిల్టన్ నిరూపించింది కూడా 1924 డిసెంబరులోనే.

డబ్బుల్లేక 1927 అక్టోబరులో క్లబ్ ప్రసారాలు ఆగాయి. ట్రాన్స్‌మిటర్ మద్రాసు కార్పొరేషన్‌కి చేరింది. 1930 ఏప్రిల్ 1 నుంచి వాళ్లు మళ్లీ మొదలెట్టారు. మెరీనా బీచిలో లౌడ్‌స్పీకర్లు పెట్టారు, సెట్టు కొనలేనివాళ్లకు అదే రేడియో. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం వచ్చింది.

ఇప్పుడు చెన్నై మీడియం వేవ్ 200 కిలోవాట్లు. మొన్న అదే అరుగుమీద 720 కిలోహెర్ట్జ్ పెట్టాను, గరగర తప్ప ఏమీ లేదు. దూలానికి వేలాడుతున్న 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు చేసే పని అది. ఆర్పేశాను. చీకట్లో తమిళం వినబడింది.